విరాళాల పేరుతో వచ్చే మోసపు ఫోన్లను ఎలా ఎదుర్కోవాలి?

వచ్చిన ఫోన్‌కు విరాళం ఇవ్వకూడదు. ఇవ్వాలనిపిస్తే మనమే విచారించుకుని, మనమే ఫోన్ చేసి ఇవ్వాలి. మా కాలనీలో పెద్దవాళ్ల ఫోన్లకు ఏ ఇబ్బంది వచ్చినా నా దగ్గరికే తెస్తారు. అనాథాశ్రమం, గోశాల, అన్నదానం, పసిబిడ్డకు ఆపరేషన్ అంటూ ఎవరో ఫోన్ చేస్తే వెయ్యో, ఐదు వేలో పంపేసి తర్వాత వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. మంచి మనసున్నవాళ్లనే ఏరి మరీ దోచుకుంటారు కాబట్టి, మిగతా మోసాలన్నిటికన్నా ఈ మోసం మీదే నాకు కోపం ఎక్కువ.

ముందు ఫోన్ సంగతి

ఇది పది నిమిషాల పని. ఇంగ్లిష్ అక్షరాల్లో ‘స్టార్ట్’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, సున్నా పెట్టి 1909కి ఎస్ఎంఎస్ పంపండి. ప్లాట్లు, లోన్లు, క్రెడిట్ కార్డుల ఫోన్లు చాలావరకు తగ్గుతాయి. బ్యాంకు ఓటీపీలు మాత్రం మామూలుగానే వస్తాయి. ఆ తర్వాత కూడా ఎవరైనా వ్యాపారం కోసం విసిగిస్తే, ఏడు రోజుల్లోపు 1909కి గానీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వారి డీఎన్‌డీ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయండి. 140తో మొదలయ్యే నంబర్ అయితే అది ప్రచారం ఫోన్. 1600తో మొదలయ్యేవి బ్యాంకులు, ప్రభుత్వ సంస్థలు సేవల కోసం చేసేవి. మామూలు పది అంకెల నంబర్ నుంచి ‘బ్యాంకు వాళ్లం’ అని ఎవరన్నా మాట్లాడితే అక్కడే ఆపేయండి.

దీనితో దొంగలు ఆగిపోరు. వాళ్లు మామూలు సిమ్‌ల నుంచే చేస్తారు. కానీ అనవసరపు ఫోన్లు తగ్గితే, మిగిలిన కొత్త నంబర్ల మీద మనకు ధ్యాస ఉంటుంది.

కాలర్ పేరు చూపించే యాప్‌ను చూసి ‘ట్రస్ట్ అని వచ్చింది కదండీ’ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పేరు జనం తమ ఫోన్లలో సేవ్ చేసుకున్నదో, ఆ నంబర్ వాడే మనిషి తనకు తాను పెట్టుకున్నదో అయి ఉంటుంది. ఎర్రగా ‘స్పామ్’ అని చూపిస్తే నమ్మండి. మంచి పేరు చూపిస్తే మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఫోన్ పెట్టేయడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నంబర్ బ్లాక్ చేయడం చిన్నపిల్లలకు కూడా వచ్చు. ఏడుస్తూ మాట్లాడే మనిషి ఫోన్ కట్ చేయడమే కష్టం.

మీరు చెప్పాల్సింది ఒక్క మాట: ‘నేను ఫోన్‌లో విరాళాలు ఇవ్వనండీ, ఉంటాను.’ చెప్పి పెట్టేయండి. దీనికి ఇంకేమీ చేర్చకండి. ముఖ్యంగా కారణం చెప్పకండి. ‘ఇప్పుడు డబ్బుల్లేవమ్మా’ అంటే ‘పర్లేదు మేడం, ఒకటో తారీఖున చేయమంటారా?’ అంటారు. ‘మావారిని అడగాలి’ అంటే ‘సార్ నంబర్ ఇవ్వండి, మేమే మాట్లాడతాం’ అంటారు. ‘మొన్ననే వేరే ఆశ్రమానికి ఇచ్చాం’ అంటే ఇక వదలరు. ఇచ్చే అలవాటున్న ఇల్లని మీరే చెప్పినట్టయింది. మీరు చెప్పే ప్రతి కారణానికీ వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. ‘ఇవ్వను’ అన్నదానికి మాత్రం ఉండదు.

ప్రశ్నలు కూడా వేయకండి. ‘మీ ఆశ్రమం ఎక్కడ? రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత?’ అని గట్టిగా నిలదీస్తే భయపడి పెట్టేస్తారని చాలామంది అనుకుంటారు. వాళ్లు నంబర్ చెప్తారు. వాట్సాప్‌లో సర్టిఫికెట్ కూడా పంపుతారు. అది నిజమైన ట్రస్టుదే అయి ఉండవచ్చు. కింద పెట్టిన క్యూఆర్ కోడ్ మాత్రం వాళ్లది. అన్నీ అడిగి తెలుసుకున్నామన్న ధీమాతో డబ్బు పంపినవాళ్లే ఎక్కువగా మోసపోవడం చూశాను.

దొంగలను గంటలకొద్దీ మాటల్లో పెట్టి ఏడిపించే వీడియోలు చూసి, మన కుర్రాళ్లు కూడా అలా చేయాలని సరదా పడుతున్నారు. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకం. మీరు మాట్లాడేకొద్దీ మీ పేరు, ఊరు, ఇంట్లో ఎవరెవరున్నారు అన్నవి ఒక్కొక్కటీ బయటికి వస్తాయి. తిట్టడం అంతకన్నా దండగ. తిట్టించుకోవడం వాళ్లకు అలవాటే. బీపీ పెరిగేది మీకు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆ ఒక్క వాక్యాన్ని లావు అక్షరాలతో కాగితం మీద రాసి, వాళ్లు ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే చోట అతికించండి. అమ్మలకూ అమ్మమ్మలకూ ఎదుటి మనిషి మాట్లాడుతుండగా కట్ చేయడం మర్యాద కాదనిపిస్తుంది. ‘మర్యాదగా చెప్పి పెట్టేస్తే తప్పు కాదమ్మా’ అని వాళ్లకు కూర్చోబెట్టి చెప్పాలి. ఒకటి రెండుసార్లు మీరే ఫోన్ చేసి, ఆశ్రమం వాళ్లలా మాట్లాడి అలవాటు చేయించండి. నేను ఇలాగే చేయిస్తాను.

నిజంగా ఇవ్వాలనిపిస్తే

పెట్టేశాక కూడా మనసు పీకుతుంటే, అప్పుడు విచారించండి. ఆ నంబర్‌కే తిరిగి చేయడం విచారణ కాదు. గూగుల్‌లో మొదట కనిపించిన నంబర్‌కు చేయడం కూడా కాదు, నకిలీ నంబర్లు అక్కడ కూడా పెడుతున్నారు. నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరుందో లేదో చూడండి. ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో 80జీ అనుమతి (ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు వచ్చే అనుమతి) ఉన్న సంస్థల జాబితా ఉంటుంది, అదీ చూడండి. ఈ రెండిట్లో పేరున్నంత మాత్రాన సంస్థ గొప్పదని కాదు, ఆ సంస్థ ఉన్నదని మాత్రమే. ఊళ్లోనే ఉంటే వెళ్లి చూసి రావడాన్ని మించిన విచారణ లేదు.

డబ్బు పంపే ముందు స్క్రీన్ మీద వచ్చే ఖాతాదారు పేరు చదవండి. ట్రస్టు పేరుకు బదులు ఏ వ్యక్తి పేరో వస్తే, ‘మా అకౌంటెంట్ ఖాతా అండీ’, ‘ట్రస్టు ఖాతా ఆడిట్‌లో ఉందండీ’ అని ఎన్ని చెప్పినా పంపకండి. యూపీఐ ఐడీ ఒక్కో అక్షరం చూడాలి. 2020 మార్చిలో పీఎం కేర్స్ నిధి మొదలైన రోజుల్లోనే, ‘కేర్స్’లో చివరి ‘ఎస్’ ఒక్కటి తీసేసి నకిలీ ఐడీ సృష్టించారు. ఇంకొకటి, మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. ‘ఎక్కువ కట్టారండీ, రీఫండ్ ఇస్తాం, పిన్ కొట్టండి’ అంటే మళ్లీ దోచుకోవడానికే.

ఆపరేషన్ అంటే డబ్బు ఆసుపత్రికే కట్టాలి. ఆసుపత్రి స్విచ్‌బోర్డుకు మీరే చేసి, రోగి పేరు మీద బిల్లింగ్‌లో ఎలా కట్టాలో అడగండి. నిజంగా అవసరంలో ఉన్న కుటుంబం దీనికి అభ్యంతరం చెప్పదు. తిరుమల అన్నప్రసాదానికి ఇవ్వాలనుకుంటే టీటీడీ వెబ్‌సైట్ ఉండగా, మధ్యలో ఇంకో మనిషి ఎందుకు?

పన్ను మినహాయింపు ఆశ కూడా పెడతారు. నగదుగా 2000 రూపాయలకు మించి ఇస్తే 80జీ మినహాయింపు రాదు. పైగా 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి ట్రస్టు మీ విరాళం వివరాలు ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేసి, 10బీఈ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వచ్చింది. వాట్సాప్‌లో వచ్చిన రంగుల రసీదు దానికి సాటి రాదు. ట్రస్టుకు మీ పాన్ అవసరమవుతుంది కానీ, విచారించుకున్నాకే ఇవ్వండి. ఆధార్ ఫొటో ఎవరికీ పంపకండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక సంగతి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు పంపేది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉన్న సంస్థ దాన్ని ఢిల్లీలోని ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే తీసుకోవాలి. మీకు ఎవరైనా ఊళ్లో శాఖ ఖాతా నంబరో, ఫోన్‌పే నంబరో ఇస్తే అక్కడే అనుమానించండి.

బ్లాక్, ఫిర్యాదు

బ్లాక్ చేసే ముందు కాల్ లాగ్, వాట్సాప్ సందేశాలు స్క్రీన్‌షాట్ తీసుకోండి. చాట్ డిలీట్ చేయకండి. వాళ్లు పంపిన యాప్ ఫైలు ఉంటే తెరవకండి. డబ్బు పోకపోతే టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో, మోసపు ఫోన్ల ఫిర్యాదుకు ఉన్న ‘చక్షు’లో నంబర్ నమోదు చేయండి.

డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చోకండి, రేపు బ్యాంకుకు వెళ్దామనుకోకండి. డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే నిలిపేయగలిగితే దొరుకుతుంది, అక్కడి నుంచి ఇంకో నాలుగు ఖాతాలు మారాక కష్టం. పంపిన సమయం, మొత్తం, లావాదేవీ నంబర్, అవతలి యూపీఐ ఐడీ చేతిలో పెట్టుకుని మాట్లాడండి. మీ బ్యాంకుకు కూడా అప్పుడే చెప్పండి. 1930 దొరకకపోతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.

ఆ తర్వాత కొన్నాళ్లకు ‘సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, విడుదలకు ఇంత ఫీజు కట్టాలి’ అని ఫోన్ రావచ్చు. ఒకసారి పోగొట్టుకున్నవాళ్ల నంబర్లను దొంగలు అంత తేలిగ్గా వదలరు. పోయిన డబ్బు ఇప్పించడానికి పోలీసులు ఫీజు అడగరు. ఆ ఫోన్ కూడా పెట్టేసి, స్టేషన్‌కు మీరే వెళ్లి ఫిర్యాదు నంబర్ చూపించి కనుక్కోండి.