ఫ్లాండర్స్ పుల్లటి ఎర్ర బీరును రుచి చూడటం ఎలా?

బెల్జియంలో, పశ్చిమ ఫ్లాండర్స్‌లో రూసెలారె అని ఒక ఊరుంది. 1821లో మొదలైన రోడెన్‌బాక్ బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే కర్మాగారం, అక్కడిదే. దాని గిడ్డంగుల్లో 294 ఓక్ చెక్క పీపాలు నిలువుగా నిలబడి ఉంటాయి. అన్నిటికన్నా పెద్దవాటిలో 65,000 లీటర్ల బీరు పడుతుంది. మన వీధుల్లోకి వచ్చే పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు ఆరు తెచ్చి ఒంపినా అలాంటి పీపా నిండదు. అందులో బీరు దాదాపు రెండేళ్లు కదలకుండా ఊరుతుంది. ఫ్లెమిష్ రెడ్ ఏల్ అని పిలిచే ఈ పుల్లటి ఎర్ర బీరుకు అందరూ ముందుగా చెప్పుకునే పేరు రోడెన్‌బాక్‌దే.

నేను మొదటిసారి దీన్ని ఫ్రిజ్‌లోంచి తీసి, కారం కారంగా ఉన్న కోడికూరతో తాగాను. పాడైపోయిందనుకుని సగం పారబోశాను. బీరులో ఏ తప్పూ లేదు, తాగిన పద్ధతే తప్పు. ఆ పొరపాటు ఇంకొకరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు రోజు: నాలుకను సిద్ధం చేసుకోండి

ఈ బీరులో ప్రధానంగా రెండు పులుపులు ఉంటాయి. ఒకటి లాక్టిక్ ఆమ్లం, అంటే పెరుగు పులుపు. రెండోది ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్ పులుపు. ఈ రెండింటినీ విడదీసి పట్టుకోగలిగితే సగం పని అయినట్టే. దానికి వంటింట్లోనే చిన్న సాధన ఉంది.

పొద్దున చిలికిన మజ్జిగను సాయంత్రం దాకా బయటే ఉంచి, నీళ్లు కలిపి బాగా పలచన చేయండి. ఇంకో గ్లాసు నీళ్లలో అర చెంచా వెనిగర్ కలపండి. ముందు రెండూ వాసన చూడండి. మజ్జిగ ముక్కును ఏమీ అనదు. వెనిగర్ నీళ్లు మాత్రం తాగకముందే ముక్కులో సన్నగా గుచ్చుతాయి. తర్వాత ఒక్కో గుటక వేయండి. మజ్జిగ పులుపు నాలుక పక్కలకు మెల్లగా పాకి కాసేపు అక్కడే ఉంటుంది. వెనిగర్ పులుపు సూటిగా గొంతుకు తగిలి వెళ్లిపోతుంది. ఇలా మూడు నాలుగు సార్లు మార్చి మార్చి చూడండి. చింతపండు పులుపు, నిమ్మ పులుపు, గోంగూర పులుపు వేరువేరని చిన్నప్పటి నుంచి తెలిసిన నాలుకలు మనవి. ఈ తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు.

ఏం కొనాలి?

దొరికితే రోడెన్‌బాక్‌లోనే రెండు రకాలు తెచ్చుకోండి: మామూలు క్లాసిక్ (5.2 శాతం ఆల్కహాల్), గ్రాండ్ క్రూ (6 శాతం). క్లాసిక్‌లో మూడొంతులు కొత్త బీరు, ఒక వంతు పీపాలో ఊరిన పాత బీరు. గ్రాండ్ క్రూలో పాతది మూడింట రెండు వంతులు. కలిపే పాళ్లు మారితే రుచి ఎంత మారుతుందో ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే తెలిసినంతగా ఇంకెలాగూ తెలియదు. పులుపంటే జంకేవాళ్లు విఖ్తె అనే ఊళ్లో వెర్‌హాఘె బ్రూవరీ చేసే డషెస్ ద బుర్గోన్ అనే బీరుతో మొదలుపెట్టవచ్చు. అందులో తీపి కాస్త ఎక్కువ. సీసా మీద బొమ్మ 1482లో గుర్రం మీద నుంచి పడి చనిపోయిన బుర్గుండీ పాలకురాలు (డషెస్) మేరీది.

చలి తగ్గించి, సగం పోయండి

మంచులా చల్లగా ఉంటే వాసన పైకి రాదు, పులుపొక్కటే కోస్తుంది. 8 నుంచి 12 డిగ్రీల మధ్య బాగుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి ఓ ఇరవై నిమిషాలు బల్ల మీద ఉంచితే సరిపోతుంది. గ్లాసు పొట్ట వెడల్పుగా, మూతి కాస్త మూసుకున్నట్టు ఉండాలి. వైన్ గ్లాసైనా పనికొస్తుంది. సబ్బు వాసన మాత్రం ఉండకూడదు. సగం వరకే పోయండి.

వెలుతురుకెత్తి చూస్తే మధ్యలో ముదురు ఇటుక రంగు, అంచుల్లో దానిమ్మ గింజ ఎరుపు కనిపిస్తాయి. ఆ ఎరుపు ప్రధానంగా మాల్ట్‌ది, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీది. చెక్క ఇచ్చిన రంగని చాలామంది అనుకుంటారు.

తాగకముందే ముక్కు పెట్టండి

గ్లాసును ఒకసారి తిప్పి, కాస్త దూరం నుంచి పీల్చండి. పుల్ల చెర్రీలు, ఎండు ఆల్‌బుఖారా, కొంచెం కారమెల్ వాసన వస్తాయి. ఇప్పుడు ముక్కు దగ్గరగా పెట్టండి. నిన్నటి వెనిగర్ నీళ్ల గుచ్చుడు సన్నగా తగిలిందా? ఈ రకంలో అది ఉండాల్సిందే. ఓక్ చెక్క గుండా గాలి బొట్టుబొట్టుగా లోపలికి వెళ్తుంది. ఆ గాలితోనే ఎసిటిక్ బ్యాక్టీరియా బతుకుతుంది. పీపా ఎంత పెద్దదైతే లీటరుకు అందే గాలి అంత తక్కువ. అందుకే అంత పెద్ద పీపాల్లో బీరు పూర్తిగా వెనిగర్ అయిపోదు. తెల్లవారుజామున తియ్యగా దిగిన తాటికల్లు పొద్దెక్కేసరికి పులిసిపోవడం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. కల్లు కుండలో గంటల్లో జరిగే పనికి ఇక్కడ రెండేళ్లు పడుతుంది.

నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన మిగతావన్నీ కప్పేసేలా వస్తే మాత్రం గాలి మోతాదు మించిందని అర్థం. అది లోపమే. కొత్త ఓక్ చెక్క ఇచ్చే వెనీలా వాసన కోసం వెతకొద్దు. దశాబ్దాలుగా వాడుతున్న చెక్కలో అది ఎప్పుడో కరిగిపోయింది. ఆ చెక్క ఇప్పుడు సూక్ష్మజీవులకు ఇల్లు.

మొదటి గుటకను నమ్మొద్దు

మొదటి గుటకకు నోరు ఉలిక్కిపడుతుంది, లాలాజలం ఊరుతుంది. ఏ అభిప్రాయానికీ రాకండి. గుక్కెడు మంచినీళ్లు తాగి, ఒక నిమిషం ఆగండి.

రెండో గుటకను నోట్లో నాలుగైదు క్షణాలు ఉంచి అన్ని వైపులా తిప్పండి. ఏది ఏ వరసలో వస్తోందో గమనించండి. నాకైతే ముందు పండు తీపి, వెంటనే పెరుగు పులుపు, మింగేటప్పుడు గొంతులో చిన్న వెనిగర్ చురుకు. అన్నీ పోయాక చిగుళ్ల మీద నేరేడు పండు తిన్నట్టు వగరు నిలుస్తుంది. ఆ వగరు ఓక్‌ది. బీరుకు చేదునిచ్చే హాప్స్ పువ్వుల చేదు దాదాపు తెలియదు. పులుపును తీపి మోస్తోందా, లేక పులుపు ఒంటరిగా మిగిలిపోయిందా? మంచి బీరును తేల్చేది ఇదొక్కటే అని నా నమ్మకం.

క్లాసిక్, గ్రాండ్ క్రూ రెండూ ఉంటే క్లాసిక్ ముందు. తిరగేస్తే క్లాసిక్ చప్పగా అనిపించి దానికి అన్యాయం జరుగుతుంది.

పక్కన ఏం పెట్టుకోవాలి?

ఖాళీ కడుపుతో వద్దు, పులుపు మంట పెడుతుంది. ఫ్లాండర్స్‌లో ఇలాంటి బీరు పోసి గొడ్డుమాంసం గంటల తరబడి ఉడికించే స్టోఫ్‌లేస్ అనే కూర ఉంది. దీనికి అసలైన జోడీ అదే. పాత గౌడా చీజ్ కూడా బాగుంటుంది. మన వంటల్లో అయితే మిరియాలు కొద్దిగా చల్లిన రొయ్యల వేపుడు పెట్టండి. నూనె జిడ్డును పులుపు కోసేస్తుంది. పచ్చిమిర్చి కారం మాత్రం వద్దు, కారం పులుపు కలిస్తే నాలుకకు ఇంకేదీ తెలియదు.

330 మిల్లీలీటర్ల సీసాను ఇద్దరు పంచుకుంటే చాలు. తాగాక వెంటనే పళ్లు తోమకండి, ఆమ్లంతో ఎనామెల్ మెత్తబడి ఉంటుంది. నోరు పుక్కిలించి అరగంట ఆగండి.

గ్లాసులో చివరి రెండు గుటకలు పావుగంట అలాగే వదిలేయండి. చలి పూర్తిగా పోయాక మళ్లీ వాసన చూడండి. మొదట్లో దాక్కున్న చెర్రీ ఇప్పుడు పైకి వస్తుంది, చెక్క వాసన కూడా దాని వెనకే. నేను రాసుకోవాల్సింది ఏదైనా ఉంటే ఆ రెండు గుటకల తర్వాతే రాసుకుంటాను.