వీధిలో ఒకేసారి విరేచనాలు మొదలైతే ఎవరికి, ఏం చెప్పాలి

మీ వీధిలో రెండు మూడు ఇళ్లలో ఒకేసారి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఎవరికి వారు ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని ఊరుకోకండి. వైద్యం ఆలస్యం చేయొద్దు, కానీ అదే రోజు ఆశా వర్కర్‌కో ఏఎన్‌ఎంకో కబురు అందాలి. ఊరికి చెడ్డపేరు వస్తుందని దాచమనే పెద్దలుంటారు, దయచేసి వాళ్ల మాట వినకండి. ఎవరూ దొరకకపోతే 104కి ఫోన్ చేయండి.

"అందరికీ బాగోలేదమ్మా" అని చెబితే సరిపోదు. ఒక కాగితం తీసుకుని ఇంటింటికీ రాయండి: ఎవరికి, వయసెంత, ఏ రోజు ఏ పూట మొదలైంది, తాగే నీళ్లు కుళాయివా బోరువా ప్లాంటు డబ్బావా, ఈ మూడు నాలుగు రోజుల్లో ఏ భోజనాలకైనా వెళ్లారా. నన్నడిగితే చివరి రెండే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఒకే పైపు మీదున్న ఇళ్లే పడ్డాయా, లేక ఒకే పెళ్లిలో తిన్నవాళ్లా అన్నది చాలాసార్లు ఆ కాగితంలోనే కనిపించేస్తుంది.

ఆ కబురు ఎటు వెళ్తుందంటే, 2004లో మొదలైన ఐడీఎస్‌పీ (జబ్బులు ఎక్కడ ప్రబలుతున్నాయో కనిపెట్టే ప్రభుత్వ కార్యక్రమం) పద్ధతిలో లక్షణాలను బట్టి ఏఎన్‌ఎం నింపేది ఎస్ ఫారం, డాక్టరు చూసి ఫలానా జబ్బు అనుకున్నది పీ ఫారం, ల్యాబ్‌లో తేలింది ఎల్ ఫారం. ఇదివరకు వారానికోసారి కాగితాలు వెళ్లేవి, 2021 నుంచి ఐహెచ్‌ఐపీ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్లో ఎక్కుతున్నాయి. జిల్లాలో ఈ నిఘా చూసే సర్వైలెన్స్ ఆఫీసర్ దాన్ని చూసి అవసరమైతే ఊరికొచ్చి విచారించే ర్యాపిడ్ రెస్పాన్స్ టీమ్‌ను పంపుతారు.

టీమ్ వచ్చినప్పుడు మల పరీక్షకు సిగ్గుపడకండి, వీలైతే యాంటీబయాటిక్ వేసుకోకముందే శాంపిల్ ఇవ్వండి, తర్వాతైతే క్రిమి దొరకడం కష్టం. నీళ్లను చిన్న హెచ్‌టూఎస్ సీసాలో (నీళ్లలో మలం కలిసిందేమో చూసే పరీక్ష సీసా) పోసి ఉంచుతారు, ఒకటి రెండు రోజుల్లో అవి నల్లగా మారితే మలం కలిసిందని గట్టి అనుమానం. క్లోరిన్ పరీక్ష ట్యాంకు దగ్గర చేసి వెళ్లిపోతుంటే ఆపి, పైపులైన్ చివరి ఇంట్లో కూడా చూడమనండి. అక్కడ క్లోరిన్ కనీసం 0.2 పీపీఎం (లీటరుకు 0.2 మిల్లీగ్రాములు) ఉండాలి.

డెంగీ సంగతి వేరు. కార్డు టెస్ట్‌లో పాజిటివ్ వచ్చినంత మాత్రాన ప్రభుత్వం దాన్ని నిర్ధారిత కేసుగా లెక్కేయదు, ల్యాబ్‌లో చేసే ఎలైజా రక్తపరీక్ష కావాలి. జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపైతే వైరస్‌ను పట్టే ఎన్‌ఎస్1 ఎలైజా, తర్వాతైతే దానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీని పట్టే ఐజీఎం ఎలైజా. ప్రైవేటు ఆసుపత్రిలో ఉంటే శాంపిల్ ప్రభుత్వ ల్యాబ్‌కు పంపారా అని అడగండి. టీబీ అయితే ప్రైవేటు డాక్టర్లు కూడా తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాలని 2012 నుంచి ఉంది.

ఇక 15 ఏళ్లలోపు పిల్లలకు ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే ఇంకో కేసు వచ్చేదాకా చూడకండి, ఒక్కటి చాలు. పోలియో కాదని తేల్చడానికి 14 రోజుల్లోపు, 24 గంటల తేడాతో రెండు మల నమూనాలు తీయాలి, కాబట్టి ఆ ఫోన్ ఆ రోజే చేసేయండి.