ట్రావెల్ స్టార్టప్‌కి రంగులు ఎలా ఎంచుకోవాలి

ట్రావెల్ అనగానే నీలం, ఆరెంజ్ పెట్టేయకండి, అందరూ అదే పెడుతున్నారు. ఒంగోలు నుంచి టూర్లు వేసేవాళ్లైతే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పలకని ఎండలో పెట్టి ఫోటో తీయండి. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటాయి కదా, ఆ నలుపు మెయిన్ రంగు, ఆ బంగారు పసుపు మాత్రం బుకింగ్ బటన్‌కే, అదే రంగు పేజీ నిండా చల్లితే బటన్ ఎవరికీ కనపడదు. తెలుపు మీద పసుపు అక్షరాలు అస్సలు వద్దు. మామూలు సైజు అక్షరాలకి కాంట్రాస్ట్ (అక్షరం రంగుకీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా) కనీసం 4.5:1 ఉండాలి, ఫ్రీ టూల్స్‌లో నిమిషంలో తెలిసిపోతుంది.

ఫైనల్ చేసేముందు ఫ్లెక్స్ షాపులో చిన్న ముక్క ప్రింట్ తీయించండి, స్క్రీన్ ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగు), ప్రింట్ సీఎంవైకే (సయాన్, మజెంటా, పసుపు, నలుపు ఇంకులు) కాబట్టి మెరిసే రంగులు కాస్త డల్ అవుతాయి.

నలుపు అశుభం అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. మీవి తీర్థయాత్రల ప్యాకేజీలే ఎక్కువైతే వాళ్ల మాటే కరెక్టు, ముదురు మెరూన్‌కి మారిపోండి.