హైబ్రిడ్ కారు బ్యాటరీ: హన్మకొండలో నా అనుభవం

మే నెల ఎండల్లో మా పాత హైబ్రిడ్ కారులో హెచ్చరిక లైటు వెలిగింది. స్కానర్ పెడితే పి0ఎ80 కోడ్ వచ్చింది. అంటే పెద్ద బ్యాటరీ ప్యాక్ నీరసించిందని.

"మొత్తం మార్చుడే అన్నా" అన్నాడు మెకానిక్. ఖర్చు తలుచుకుంటే టెన్షన్. ముందు బండి నడుపుతూ బ్లాకుల, అంటే ప్యాక్ లోపలి చిన్న బ్యాటరీల గుంపుల, వోల్టేజీ చూడమన్నాను. మా ప్యాక్‌లో 7.2 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ మాడ్యూళ్లు (ఆ చిన్న బ్యాటరీలే) 34, వరుసగా కలిపి 244.8 వోల్టులు. ఒక్క బ్లాకే పడిపోతుంటే ఆ మాడ్యూళ్లు మార్చుకోవచ్చు, చవక. కానీ మిగతావీ అదే వయసువి కదా, తర్వాత ఒక్కొక్కటే మొరాయిస్తాయి. మాకైతే చాలా బ్లాకులు దిగిపోయాయి. రిపేరు చేసిన ప్యాక్ అడిగితే లోపలి సెల్స్ వయసు చెప్పేవాడే లేడు. కారు ఇంకా కొన్నేళ్లు ఉంచుకుంటాం కాబట్టి హైదరాబాద్ నుంచి వారంటీతో కొత్త ప్యాకే తెప్పించాను. త్వరలో అమ్మేసేవాళ్లకు అది దండగే.

వెనక సీటు దగ్గరి కూలింగ్ ఫ్యాన్ నిండా దుమ్ము. అది తీయకపోతే కొత్తదీ వేడెక్కుతుంది. ప్యాక్ కరెంటును తెంచే సర్వీస్ ప్లగ్ తీసి పది నిమిషాలు ఆగాకే మూత విప్పాలి. హైబ్రిడ్ పని తెలియనివాళ్లతో చేయించొద్దు. పాత ప్యాక్‌ను తుక్కుకు వేయలేదు, కొత్తది ఇచ్చినవాళ్లే తీసుకెళ్లారు.