పాత బట్టలతో కుట్టినవి చిరిగితే ముందు దారాన్ని అనుమానించకండి

పాత చీరలతో బొంత, జీన్సు ప్యాంటుతో సంచి, చొక్కాలతో దిండు గలీబులు కుట్టేవాళ్లకు వచ్చే ఇబ్బందులు నాలుగైదు రకాలే. మిషన్ తొక్కడం, బాబిన్ నింపడం వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను కనుక మొదటి మూడూ క్లుప్తంగా చెప్పేస్తాను.

కుట్లు మధ్యమధ్యలో తప్పుతున్నాయి

సూది మార్చండి. టెన్షన్ తిప్పకముందే, మెకానిక్‌ను పిలవకముందే మార్చండి. జీన్సు కుట్టి మొన అరిగిన సూదితోనే మెత్తటి నూలు చీర కుట్టడం ఎందుకు? చీరలకు, చొక్కాలకు 14 నంబరు, జీన్సుకు 16 పెట్టుకోండి. జీన్సు మడతలు ఒకదాని మీద ఒకటి వచ్చే చోట చక్రాన్ని చేత్తో తిప్పండి.

ఒక్క ఉతుకుకే ముడతలు పడింది

కొత్త అస్తరు చేసే పని ఇది. పాత చీర ఎన్నో ఉతుకులు చూసి, కుంచించుకోవలసినంత ఎప్పుడో కుంచించుకుంది. కొత్త నూలు గుడ్డ ఇంకా కుంచించుకోలేదు. అస్తరును రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి. అంచుకు ముదురు రంగు గోటు వేస్తుంటే దాన్నీ విడిగా నానబెట్టండి, రంగు పోతుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

బొంత లోపల పొరలు జరిగి ఉండ కట్టాయి

టాకాలు, అంటే పొరలన్నిటినీ కలిపి పట్టే దూరపు కుట్లు, వేయలేదు, అంతే. మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు, జానెడుకు ఒక వరుస వేయండి.

కుట్టు గట్టిగానే ఉంది, దాని పక్కన గుడ్డ చిరిగింది

అసలు విషయం ఇది. ఇలా జరిగినప్పుడు చాలామంది లావు దారం తెచ్చి, కుట్లు దగ్గరదగ్గరగా వేసి మళ్లీ కుడతారు. నెల తిరగకముందే అది మళ్లీ చిరుగుతుంది, ఈసారి గీత గీసినట్టు నిలువునా. అలసిపోయిన గుడ్డకు సూది పోట్లు ఎక్కువయ్యేకొద్దీ తపాలా బిళ్లల మధ్య చిల్లుల వరుసలా తయారవుతుంది. పాలిస్టర్ దారం గట్టిది, తెగదు. తెగేది పక్కనున్న నూలు పోగే.

గుడ్డ ఆ ఒక్క చోటే ఎందుకు అలసిపోయిందంటే, దండెం వల్ల. చీరను ఎప్పుడూ సగానికి మడిచి దండెం మీద వేస్తాం. అనంతపురం ఎండలో మిద్దె మీద ఏళ్ల తరబడి అదే మడత పైకి ఉంటుంది. ఎండ పోగును లోపలి నుంచి బలహీనం చేస్తుంది, నూలుకైనా పట్టుకైనా ఇది తప్పదు. దానికి తోడు గాలికి చీర ఊగినప్పుడల్లా తీగ అక్కడే రాసుకుంటుంది. బొంత కోసం చీరను రెండు ముక్కలు చేసేటప్పుడు మనం ఏం చేస్తాం? మళ్లీ సగానికే మడిచి, ఆ మడత మీదే కత్తిరిస్తాం. చీరలో అన్నిటికన్నా నీరసించిన గీత సరిగ్గా కుట్టు పడే అంచుకు వచ్చి చేరుతుంది. చూడ్డానికి గుడ్డ బాగానే ఉంటుంది కనుక అనుమానమే రాదు.

కత్తెర పట్టకముందు చీరను కిటికీకి అడ్డంగా, వెలుగు అవతలి నుంచి వచ్చేలా పట్టుకోండి. మధ్యలో వెలిసిన పట్టీ ఒకటి కనిపిస్తుంది. అక్కడ వేలితో నిమిరితే సన్నటి నూగు తగులుతుంది. ఆ పట్టీకి అటూ ఇటూ రెండంగుళాల ఎడంలో రెండు చేతులతో పట్టుకుని చీర పొడవు వైపు గట్టిగా లాగండి. చిటచిట పోగులు తెగే చప్పుడు వినిపిస్తే అది పనికిరాదు. ఈ పరీక్షకు పట్టే సమయం ఒక్క నిమిషం. బొంత కుట్టడానికి పట్టే రోజులతో పోల్చి చూసుకోండి.

ఇక చేయవలసింది: ఆ గీతకు రెండు వైపులా మూడేసి అంగుళాల గుడ్డ కత్తిరించి తీసేయండి. నాలుగు మడతలుగా ఆరేసే అలవాటుంటే మిగతా మడతల దగ్గరా చూడండి. నూలు దారం వాడండి. అంగుళానికి ఎనిమిది కుట్లకు మించనివ్వకండి. అంచులో అర అంగుళం గుడ్డ వదలండి. ఇప్పటికే చిరిగి ఉంటే పాత కుట్టు విప్పి, చొక్కా వీపు భాగం నుంచి తీసిన రెండంగుళాల పట్టీని వెనక వేసి, చిరుగుకు అర అంగుళం లోపలగా కొత్త కుట్టు వేయండి. పై నుంచి అతుకు వేయడం దండగ, అతుకు పక్కన మళ్లీ చిరుగుతుంది.

ప్యాంటుకు దండెం సమస్య తక్కువ. దానికి కూర్చునే చోటు, మోకాళ్లు, తొడల లోపలి వైపు అరుగుతాయి. సంచికి మోకాలి కింది గుడ్డే తీసుకోండి. చొక్కాలో చంకల దగ్గరి గుడ్డను చెమట తినేసి ఉంటుంది.

ధర్మవరం పట్టుచీర అయితే బీరువాలో ఏళ్ల పాటు ఒకే మడతలో ఉన్న చోట కూడా చీలుతుంది. అలాంటి చీర ఒడలును ఆశపడి దిండుకు వాడకండి. అంచు, కొంగు తీసుకుని, వెనక పూర్తిగా నూలు అస్తరు వేసి కుట్టండి.

మిగిలినవి అరుదు. పిన్నీసు తుప్పు మరక ఉన్న చోట గుడ్డ తొందరగా చిల్లి పడుతుంది, ఆ మేరకు కత్తిరించి పారేయండి. మిషన్ పళ్లు అరిగి గుడ్డ సరిగా జరగకపోతే మాత్రం మెకానిక్‌కు చూపించాల్సిందే.