హైదరాబాద్‌లో 1950లు, 60ల నాటి ఇల్లు అమ్మకానికి కనబడితే ఎలా చూడాలి, ఎలా కొనాలి

మారేడ్‌పల్లి, పద్మారావునగర్, హిమాయత్‌నగర్, బర్కత్‌పుర, బంజారాహిల్స్ పాత లైన్లలో ఇంకా అక్కడక్కడ ఉన్నాయి ఇలాంటి ఇళ్ళు. చదునైన స్లాబు, మూల దగ్గర గుండ్రంగా తిరిగిన బాల్కనీ, కిటికీలన్నిటి మీదుగా ఒకటే పొడుగు సన్‌షేడ్, పోర్టికో పక్కన రాతి గోడ, మెట్ల దగ్గర సిమెంట్ జాలీ. బ్రోకర్ మాత్రం గేటు దగ్గరే చెప్పేస్తాడు, "ఇల్లు ఓల్డ్ సార్, దాన్ని లెక్కలో పెట్టకండి, ల్యాండ్ చూస్కోండి" అని.

అతను అబద్ధమేం చెప్పట్లేదు. ఇక్కడ రేటు గజాల లెక్కే, ఇంటికి విడిగా పైసా వెయ్యరు. పైగా 2006లో వచ్చిన రూల్స్ తర్వాత మన సిటీలో ఎఫ్ఎస్ఐ (ప్లాటు సైజుకి ఎన్ని రెట్లు బిల్టప్ కట్టొచ్చనే లెక్క) లిమిట్ లేదు, రోడ్డు వెడల్పు, ప్లాటు సైజు బట్టి ఎన్ని ఫ్లోర్లు లేస్తాయో తేలుతుంది, కాబట్టి పెద్ద రోడ్డు మీద ఇల్లుంటే మీరు పోటీ పడాల్సింది బిల్డర్‌తో, అది గెలిచేది కాదు. అదే ఇల్లు ఇరుకు గల్లీలో ఉందనుకోండి, బిల్డర్‌కి ఎత్తు రాదు, ఇంట్రెస్ట్ ఉండదు, అక్కడే మనలాంటోళ్ళకి బేరం కుదురుతుంది. అందుకే నేనైతే వెతికేటప్పుడే చిన్న రోడ్లు చూడమంటాను. ఇంకో మాట, ఉండటానికైతేనే కొనండి, ఇన్వెస్ట్‌మెంట్ కోసమైతే ఇంత తలనొప్పి ఎందుకు, ప్లాటే కొనుక్కోవచ్చు.

ముందు కాగితాలు, ఇల్లు తర్వాత. మోజాయిక్ ఫ్లోర్ చూసి మనసు పారేసుకున్నాక లాయర్ చెప్పేది చెవికెక్కదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీస్‌లో మాన్యువల్‌గా వెతికించాలి, ఈ ఇళ్ళ అసలు కథంతా ఆ ముందు భాగంలోనే ఉంటుంది కాబట్టి ఆన్‌లైన్ ఈసీ ఒకటి చూపించి క్లియర్ అంటే ఒప్పుకోకండి. 50ల నాటి లింక్ డాక్యుమెంట్లు, అంటే ఆస్తి అంతకుముందు చేతులు మారిన దస్తావేజులు, చాలావరకు ఉర్దూలో ఉంటాయి, తారీఖు నిజాం కాలపు ఫస్లీ లెక్కలో ఉండొచ్చు, దానికి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది, 1358 ఫస్లీ అంటే 1948 అక్టోబర్ నుంచి మొదలైన ఏడాది అన్నమాట. ఓనర్ వాళ్ళ మనిషి చదివి చెప్తే కాదు, మీ లాయర్ తరఫున ట్రాన్స్‌లేషన్ చేయించండి. ఎందుకంటే ఆ పాత కాగితంలో సర్ఫ్-ఎ-ఖాస్ (నిజాం సొంత) భూమి అనో, వక్ఫ్ అనో ఒక్క ముక్క ఉందంటే మొత్తం కథ మారిపోతుంది. విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్ళిపోయినోళ్ళ ఆస్తులు ఎవాక్యూ ప్రాపర్టీ (వదిలిపోయినోళ్ళ ఆస్తి) కింద గవర్నమెంట్ చేతికి పోయాయి, ఆ ఏరియాలో అలాంటివున్నాయా అని కూడా అడగమనండి.

ప్లాటు 1196 గజాలు దాటితే ఇంకోటి చూడాలి. 1976 అర్బన్ ల్యాండ్ సీలింగ్ చట్టంలో ఒకరి దగ్గర ఉండగల ఖాళీ స్థలానికి హైదరాబాద్‌లో లిమిట్ 1000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఆ 1196 గజాలే. చట్టం 2008లో మన దగ్గర తీసేశారు కానీ అంతకుముందే గవర్నమెంట్ స్వాధీనం చేసుకున్న భూమి వెనక్కి రాలేదు. ప్లాటు చిన్నదే అయినా అప్పటి ఓనర్‌కి ఊళ్ళో వేరే స్థలాలుంటే సీలింగ్ ఆర్డర్ కాపీ అడగాల్సిందే.

తర్వాత వారసులు, నన్నడిగితే ఎక్కువ డీల్స్ ఆగిపోయేది ఇక్కడే. కట్టించిన తాతగారు వీలునామా రాయకుండా పోయారు, ఐదుగురు పిల్లలు, ఇద్దరు అమెరికాలో, ఒకావిడకి మిగతావాళ్ళతో మాటల్లేవు, ఇంట్లో ఉంటున్న చిన్నకొడుకు మాత్రం "అందరూ ఓకే అంకుల్, నేను చూస్కుంటా" అంటాడు. చూస్కోలేడు. ఆడపిల్లల సంతకాలతో సహా అందరివీ ఉండాలి, ఫోన్‌లో ఓకే అన్నారంటే కుదరదు. జీపీఏ (ఓనర్ తరఫున వేరేవాళ్ళకిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొంటే అది కొన్నట్టే కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది, జీపీఏ హోల్డర్ రిజిస్టర్డ్ సేల్ డీడ్ చేసిస్తే వేరే సంగతి. టీడీఎస్ (అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే ఇన్‌కమ్ టాక్స్) కూడా మర్చిపోకండి, 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాళ్ళే 1% పట్టుకుని కట్టాలి, కానీ అమ్మేవాళ్ళలో ఎన్‌ఆర్‌ఐ ఉంటే వాళ్ళ వాటాకి ఆ 1% చెల్లదు, చాలా ఎక్కువ పట్టుకోవాలి, దాన్ని సీఏతో ముందే మాట్లాడుకోండి. రిజిస్ట్రేషన్ ఖర్చు 2021లో పెంచినప్పుడు అన్నీ కలిపి 7.5% అయింది. లోన్ తీసుకునేవాళ్ళయితే బ్యాంక్‌ని ముందే అడగండి, బిల్డింగ్ వయసు చూసి వెనక్కి తగ్గేవాళ్ళున్నారు.

ఇప్పుడు ఇల్లు. వానలు పడ్డాక వెళ్ళండి, ఎండాకాలంలో ప్రతి పాత ఇల్లూ బాగానే కనబడుతుంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది స్లాబు, అదీ హాల్లో కాదు, సన్‌షేడ్ల కింద, పోర్టికో కింద, బాత్రూమ్ సీలింగ్. అప్పట్లో వాడినవి నున్నటి గుండ్రటి ఇనప కడ్డీలు, పైన కాంక్రీట్ కవర్ కూడా పల్చనే. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలో కార్బన్ డయాక్సైడ్ లోపలికి దిగి కాంక్రీట్‌కున్న క్షారగుణం తగ్గిపోతుంది, ఇక తడి తగిలితే కడ్డీ తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది కాబట్టి కింద పెచ్చు ఊడుతుంది. కడ్డీ ఉన్న లైన్ వెంబడి తిన్నగా పగులు, దాని పక్కన గోధుమరంగు మరక, ఇది కనిపించిందంటే లోపల పని మొదలైపోయినట్టే. చిన్న సుత్తితో మెల్లిగా తట్టుకుంటూ పోండి, గట్టి చోట టంగుమంటుంది, లేచిపోయిన చోట డొల్లగా మోగుతుంది, ఆ చోట్లన్నీ సుద్దముక్కతో గీసుకుంటూ పోతే ఎంత భాగం పోయిందో కళ్ళకి కనబడుతుంది. సన్‌షేడ్లకే పరిమితమైతే భయపడక్కర్లేదు, ఊడేది కొట్టేసి, కడ్డీ మెరిసేదాకా తోమి, యాంటీ రస్ట్ కోటింగేసి పాలిమర్ మోర్టార్‌తో నింపుతారు. బెడ్‌రూమ్ స్లాబు మధ్యలో కూడా డొల్ల ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీర్ వచ్చి టెస్టులు చేసి రిపోర్ట్ ఇచ్చేదాకా ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వకండి. అన్నట్టు, అమ్మే ముందు కొత్తగా ఫాల్స్ సీలింగ్ వేయించారంటే నాకు అనుమానమే, ఒక ప్యానెల్ తీయించి టార్చ్ వేసి చూడండి.

గోడలు వేరే కథ. ఆ రోజుల్లో సిమెంట్ మీద కంట్రోల్ ఉండేది, అది పూర్తిగా ఎత్తేసింది 1989లో, అందుకని చాలా ఇళ్ళలో గోడలు రాయో ఇటుకో పెట్టి డంగు సున్నంతో కట్టినవే. బరువంతా గోడల మీదే ఉంటుంది, పిల్లర్లు ఉండవు. ఓపెన్ కిచెన్ కోసం మధ్య గోడ తీసేద్దాం అనే ఇంటీరియర్ డిజైనర్‌ని గేటు దాకా మర్యాదగా సాగనంపండి, పైన ఇంకో ఫ్లోర్ వేద్దాం అనే మేస్త్రీని కూడా. చెమ్మ కనిపించిందని సున్నపు గోడ మీద సిమెంట్ ప్లాస్టర్ కొట్టి ప్లాస్టిక్ పెయింట్ వేస్తే తడి బయటికి రాలేక లోపలే ఉండిపోయి ఇంకో చోట తేలుతుంది. నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తున్నాయో అది ఆపాలి, ప్లాస్టర్ మళ్ళీ సున్నంతోనే చెయ్యాలి.

వైరింగ్, పైపుల విషయంలో రాజీ పడొద్దు. చెక్క పట్టీల్లో పాత రబ్బరు వైర్లు, చాలా పాయింట్లకి ఎర్తింగ్ ఉండదు, జీఐ (జింక్ పూత ఇనప) పైపులు లోపల తుప్పుతో మూసుకుపోయుంటాయి, రెండూ మొత్తం మార్చడమే. ఆ ఖర్చు ముందే రాసుకుని రేటు మాట్లాడండి.

ఫ్లోర్ మాత్రం పగలగొట్టకండి, ప్లీజ్. ఇత్తడి పట్టీలు పెట్టి అక్కడికక్కడే పోసిన మోజాయిక్ నల్లగా జిడ్డుగా కనిపిస్తుంది, ఓ మూల తడిగుడ్డతో గట్టిగా రుద్దితే చిప్స్ రంగులు బయటపడతాయి, మెషిన్ పాలిష్ పట్టిస్తే కొత్తదానిలా వస్తుంది, విట్రిఫైడ్ టైల్స్ వేసే ఖర్చు కూడా తప్పుతుంది. షాబాద్ బండలూ అంతే. టేకు కిటికీలకి చెదలు ఉన్నాయేమో కింది చెక్కలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి, దిగిపోతే అంతవరకే కొత్త చెక్క అతికిస్తారు, మొత్తం తీసేసి యూపీవీసీ పెట్టాల్సిన పనిలేదు.

అన్నీ కుదిరి అగ్రిమెంట్ రాసుకునేటప్పుడు ఒక పేజీ ఎక్కువ రాయించండి. టేకు తలుపులు, డిజైన్ అద్దాలు, ఇత్తడి హ్యాండిళ్ళు, పాత స్విచ్ బోర్డులు, మెట్ల రెయిలింగ్, గేటు, అన్నీ ఫొటోలతో సహా, ఇవి ఇంటితో పాటే ఇస్తున్నాం అని. అడ్వాన్స్‌కీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య రెండు మూడు నెలలు పడుతుంది, ఎలాగూ కూల్చేస్తారనుకుని ఇంట్లోవాళ్ళు పాత సామాను కొనేవాళ్ళకి తలుపులు అమ్మేస్తుంటారు, తర్వాత మీరు జుమ్మేరాత్ బజార్ అంతా తిరిగినా ఆ జత దొరకదు.