తాబేలు గుడ్లకు ఎంత వేడి? గంజాం తీరంలో హేచరీ నడిపేవారికి

ఒడిశాలో ఋషికుల్య నది మొగలో తాబేళ్లు మందగా ఒడ్డెక్కి గుడ్లు పెట్టినప్పుడు గుడ్లు కదపకండి, అక్కడ కాపలా చాలు. హేచరీ, అంటే గుడ్లు తెచ్చి ఇసుకలో పొదిగించే చోటు, కావాల్సింది పోటు తగిలేచోటో, కుక్కలు తవ్వేచోటో విడిగా పెట్టిన గూళ్లకే. ఇక్కడికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జంతువు, అటవీశాఖ అనుమతి ముందే ఉండాలి.

పెట్టిన రెండు మూడు గంటల్లో గుడ్లు తరలించాలి. ఆ తర్వాత పిండం పెంకు లోపలి పొరకు పైవైపున అతుక్కుంటుంది. గుడ్డు దొర్లితే అతుకు తెగి చస్తుంది. పైన సున్నపు బొట్టులా తెల్లమచ్చ కనిపిస్తే గడువు దాటినట్టే. అప్పుడు కూడా తీయక తప్పకపోతే పైవైపు పెన్సిల్ గీత పెట్టి, అదే వైపు పైకుండేలా మోయండి. బస్తాలో వేసి బండి మీద తేవద్దు.

గొయ్యి 45 సెం.మీ. లోతు, కూజాలా మెడ సన్నగా అడుగు వెడల్పుగా ఉండాలి. ఒక గూటి గుడ్లు, వందో నూట ఇరవయ్యో, ఒకే గోతిలో. ఇసుక కాలితో తొక్కొద్దు, పెంకు గుండానే పిండానికి గాలి అందాలి. గూటికీ గూటికీ మీటరు ఎడం.

అసలు సంగతి వేడి. పొదిగే 50 రోజుల్లో సుమారు 17 నుంచి 33వ రోజు దాకా ఉన్న వేడే పిల్ల ఆడో మగో తేలుస్తుంది. 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి వస్తాయి, 32 దాటితే దాదాపు అన్నీ ఆడవే, 35 దాటి నిలిస్తే పిండాలే పోతాయి. పై ఇసుకకు థర్మామీటర్ పెడితే మోసపోతారు. గుడ్లు పూడ్చేటప్పుడే ఒక డేటా లాగర్ (వేడిని తనంతట తానే నమోదు చేసే చిన్న పరికరం) గూటి మధ్యన, ఇంకొకటి గూళ్లు లేనిచోట అదే లోతున పెట్టండి. చివరి వారాల్లో రెండింటి మధ్య కనిపించే తేడా గుడ్ల సొంత వేడి.

ఏప్రిల్లో 31 దాటుతుంటే సగం హేచరీకి తాటాకు పందిరి వేయండి. మొత్తం కప్పితే మగవే ఎక్కువవుతాయి. సాయంత్రం మంచినీళ్లు పైపైన చల్లండి. ఉప్పునీరు గుడ్డులోని తడి లాగేస్తుంది, బురదయ్యేలా పోస్తే గాలాడదు.

పిల్లను చేతిలో తిప్పి ఆడో మగో చెప్పలేం. కాబట్టి వేడి రాసిన పుస్తకమే సాక్ష్యం. ఎన్ని వదిలామో ఫొటోలు పెట్టేవారిలో ఆ పుస్తకం చూపేవారు తక్కువే.

45వ రోజు నుంచి గూటిపై గంప బోర్లించి, రాత్రంతా అరగంటకోసారి చూడండి. పిల్లలు పైకి రాగానే లైట్లు ఆర్పి, నీటికి కొంత దూరంలో ఇసుక మీదే వదలండి. కడుపులో మిగిలిన సొనే వాటికి తొలి ఈతకు బలం. అతిథుల కోసం తెల్లారేదాకా బకెట్లో ఆపితే అది అక్కడే కరిగిపోతుంది. రెండు మూడు రోజులయ్యాక గూడు తవ్వి, పొదగని గుడ్లు లెక్కరాసి, ఆ ఇసుక తీసేయండి. వచ్చే ఏడు అదే గోతిలో పెడితే బూజు పడుతుంది.